సౌభాగ్యమ్మ విసనకర్ర

నందిగామలో సౌభాగ్యమ్మ అంటే ఏ సౌభాగ్యమ్మ అని ఎవరూ అడిగేవాళ్లు కారు. విసనకర్ర సౌభాగ్యమ్మ. ఎండాకాలమైనా చలికాలమైనా ఆవిడ చేతిలో తాటాకు విసనకర్ర ఉండాల్సిందే. అంచు చిట్లకుండా చుట్టూ పాత చీర పట్టీ తనే కుట్టుకుంది. ఆ విసనకర్రను నమ్ముకుని ఊళ్లో పెద్దిళ్ల పెళ్లిళ్లన్నిటికీ పట్టుచీరలు కొన్నారు. కొన్నవాళ్లలో ఒక్కరు కూడా ఆ సంగతి నోరు తెరిచి ఒప్పుకోలేదు. అదీ రోత.

పేరు పెట్టినవాళ్లను అనడానికేం లేదు. పిల్ల కలకాలం పసుపు కుంకాలతో ఉండాలని పెట్టుకున్నారు. పదిహేడో ఏట బెజవాడ సంబంధం చేశారు. అల్లుడు రైతుబిడ్డే అయినా పొలం పని ఒంటికి పడక ఒక బట్టల కొట్టులో పట్టుచీరల దగ్గర కూర్చునేవాడు. ఇంటికి వచ్చేటప్పుడు నేతగాళ్లు నమూనాకు పంపిన ముక్కలు నాలుగు జేబులో వేసుకొచ్చి, భార్యను కళ్లు మూసుకోమని ఒక్కొక్కటీ చేతిలో పెట్టేవాడు. ఇది ఏ ఊరి నేత, ఇందులో నూలు కలిసిందా, గంజి పెట్టి బరువు పెంచారా చెప్పమనేవాడు. చెప్పలేకపోతే నవ్వి ఊరుకునేవాడు, చెబితే ఆ ముక్క ఆవిడదే. రంగు చూసి కొనేవాళ్లంతా మోసపోయేవాళ్లే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపితే పట్టు తన సంగతి తనే చెబుతుంది అనేవాడు. పెళ్లయి రెండేళ్లు తిరక్కుండానే విషజ్వరం తగిలి పోయాడు. పెట్టెలో దాచుకున్న ఆ ముక్కలన్నీ అత్తగారు తీసి పొయ్యిలో వేసింది. సౌభాగ్యమ్మ నందిగామలో అన్న వెంకటరత్నం ఇంటికి వచ్చేసింది.

వచ్చేసరికి వదిన భారతీదేవి బాలింత. కాన్పు కష్టమై మంచం దిగలేని మనిషి. పసిగుడ్డును సౌభాగ్యమ్మ చేతుల్లో పెట్టారు. ఆ పిల్లే కస్తూరి. నీళ్లు పోయడం, పాలు పట్టడం, నడక వచ్చాక వెంట తిరగడం, బడికి పంపేటప్పుడు జడలు వేయడం, అన్నీ మేనత్తే. అప్పుడు ఆ చేతులు అశుభమని ఎవరికీ తోచలేదు. పిల్ల ముడ్డి కడగడానికి ముత్తైదువే రావాలని ఎవరూ పట్టుబట్టలేదు.

విసనకర్ర కథ మొదలైంది పక్కింటి పెళ్లితో. వాళ్లు పెళ్లిచీర కొనుక్కొచ్చి వసారాలో అందరికీ చూపిస్తుంటే, గుమ్మం అవతల నిలబడ్డ సౌభాగ్యమ్మ అది పట్టు కాదనీ, రంగు కూడా దిగుతుందనీ అన్నది. శుభమా అని చీర తెచ్చుకుంటే ఈవిడ నోరొకటి అని మొహాలు ముడుచుకున్నారు. పీటల మీద కూర్చున్న గంటకే చెమటకు రంగు దిగి, పెళ్లికూతురి మెడా మోచేతులూ నేరేడుపండ్లు నలిపినట్టు అయ్యాయి. మగపెళ్లివారు పిల్లకేదో చర్మవ్యాధి ఉందని గుసగుసలు పెట్టారు. ఆ దెబ్బతో ఊరికి బుద్ధి వచ్చింది. బుద్ధి అంటే పూర్తిగా రాలేదు. సౌభాగ్యమ్మ కన్ను కావాలి, చెయ్యి మాత్రం వద్దు. భర్త పోయిన మనిషి చెయ్యి తగిలిన చీర పెళ్లికూతురికి ఎలా కట్టబెడతారు?

దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూస్తే నవ్వాలో ఉమ్మాలో తెలియదు. ఎవరూ కూర్చుని మాట్లాడుకున్నది కాదు. అలా అలవాటు చేసుకున్నారు.

పెళ్లిచీరలు కొనేది జగ్గయ్యపేటలో. బయల్దేరేటప్పుడు సౌభాగ్యమ్మ ఎదురు రాకూడదు కాబట్టి ఆవిడ ముందు బస్సుకే వెళ్లిపోవాలి. హైదరాబాదు రోడ్డు మీద చిల్లకల్లు దగ్గర దిగి, అక్కడ పడిగాపులు పడాలి. ఆ దిగే చోటంటే సంతరోజు గొడ్లు నిలబడే చోటు. పేడ, ఈగలు, బస్సు దిగిన మగవాడల్లా గోడ వైపు తిరిగి నిలబడటం. సౌభాగ్యమ్మ ఆ గోడకు వీపు పెట్టి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, విసనకర్రతో ఈగల్ని తోలుకుంటూ కూర్చునేది. తరువాతి బస్సులో పెళ్లివారు తీరిగ్గా దిగేవాళ్లు. దిగి ఆవిణ్ని చూసి, ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోయేవాళ్లు.

"అదేంటి సౌభాగ్యం, నువ్వూ పేటకేనా?"

"ఆఁ, తువ్వాలు కొనుక్కుందామని," అని ఆవిడ చెప్పాలి.

"అయితే మాతోపాటే రాకూడదూ," అని వాళ్లు పిలవాలి. అందరూ కలిసి జట్కా ఎక్కాలి. పెళ్లి పెళ్లికీ ఇదే నాటకం. వచ్చిన వంక నిలబడాలి కాబట్టి ఒక తువ్వాలు కూడా కొనిపెట్టేవాళ్లు. ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లు జరిగాయో ఆవిడ రేకుపెట్టెలో అన్ని తువ్వాళ్లు పేరుకున్నాయి. వాటిని ఆవిడ ఒక్కనాడూ వాడలేదు.

పేటలో ఆ బజారు పాతది. జమీందారు పేట కట్టించిన రోజుల్లో దారం పట్టి గీసినట్టు వేయించిన వీధి అని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. రెండు పక్కలా ఎత్తైన అరుగులు, అరుగుల మీద నల్లబడ్డ చెక్క స్తంభాలు, స్తంభాల వెనక కొట్లు. కోదాడ వైపు నుంచి కూడా బళ్లు కట్టుకుని వచ్చి అక్కడే చీరలు కొనేవారు. వీధి పేరు గొప్పదే. కానీ అరుగు దిగితే మురుగుకాలువ, స్తంభం ఎంత ఎత్తుందో అంత ఎత్తునా తాంబూలం ఉమ్మిన చారికలు. దేవతలకు కట్టబెట్టే పట్టు ఆ కంపు మధ్యనే అమ్మేవారు.

ఆ వీధిలో బసవయ్య కొట్టు పేరున్నది. నేలంతా పరిచిన పరుపు మీద తెల్ల దుప్పటి, మధ్యలో బసవయ్య. మనిషి మంచివాడే, మాటకారి. నోట్లో మాత్రం ఎప్పుడూ ఆకువక్క నానుతూ ఉండేది. పెదవి కొసన కారేదాన్ని చేత్తో తుడుచుకుని, ఆ చేత్తోనే చీర పరిచేవాడు. కొట్టు అరుగు మీద ఒక పక్కగా నాగూర్ బాషా కుట్టుమిషను. లోపల చీర కొనగానే రవికగుడ్డ అతనికిచ్చి పోవడం ఆనవాయితీ. ఆడవాళ్ల ఒంటికి టేపు పెట్టడం ఆ రోజుల్లో లేదు. సరిపోయే పాత రవిక ఒకటి ఆది ఇస్తే దాన్ని బట్టి కుట్టేవాడు. ఆ ఆది రవికల సంగతి నాగూర్ బాషానే అడగాలి. మెళ్లో కాసులపేరు వేసుకుని వచ్చే ఇల్లాళ్లు అప్పుడే ఒంటి మీంచి విప్పినట్టున్న రవికలు ఇచ్చేవాళ్లు. చంకల దగ్గర చెమట అట్టకట్టి, మెడ దగ్గర ఆముదం జిడ్డు పట్టి ఉండేవి. అతను పాపం రెండువేళ్లతో పట్టుకుని, కొలత చూసినంతసేపూ ఊపిరి బిగబట్టేవాడు. ఇంటికి పట్టుకెళ్లి భార్య మీరాబీ చేత ముందు ఉతికించుకునేవాడని వీధిలో అందరికీ తెలుసు. శుభ్రంగా ఉతికి, మడత పెట్టిన ఆది రవిక తెచ్చేది సౌభాగ్యమ్మ ఒక్కతే, అదీ కస్తూరిది.

కొట్టులో సౌభాగ్యమ్మ చోటు గుమ్మం పక్క స్తంభం దగ్గర, పరుపు కిందికి. ముత్తైదువలు పరుపు మీద. బసవయ్య చీర విప్పి పరుస్తాడు. సౌభాగ్యమ్మ విసురుకుంటూనే ఉంటే ఆ చీర పనికిరాదని. విసనకర్ర ఆగిందంటే అదే చీర. ఆగడమే తడవు, ముత్తైదువల్లో ఒకరు చెయ్యి చాపి, తనకే తోచినట్టు, "ఇది బాగుందర్రా," అనాలి. అప్పుడు బసవయ్య పళ్లెం తెప్పించి చీర కొసకు పసుపు పెట్టేవాడు. పసుపు పడిందంటే ఇక ఆ చీర మార్చరు, వెనక్కి ఇవ్వరు. మార్చడం పెళ్లికి అరిష్టమని.

చేత్తో పట్టుకోకుండా పట్టును ఎంచడమంటే వాసన చూసి ఉప్పు చెప్పడం లాంటిది. సౌభాగ్యమ్మ చెవితో ఎంచేది. చీర విప్పినప్పుడు మడతలు చేసే చప్పుడు వినేది, కొంగు జారేటప్పుడు ఎంత నిదానంగా జారుతుందో చూసేది. అంచు వెనక్కి తిరిగినప్పుడు ఒక్క క్షణం కనిపించే దారాలు చూసేది. చూస్తున్నంతసేపూ ఒళ్లో ఎడమచేతి బొటనవేలు చూపుడువేలిని రాస్తూ ఉండేది. తనకే తెలియకుండా.

ఇలా పదేళ్లు గడిచాయి. పందొమ్మిది వందల అరవై ఒకటిలో కస్తూరికి పెళ్లి కుదిరింది.

సౌభాగ్యమ్మకు బతుకులో పెద్ద కోరికలు లేవు. ఒకటి మాత్రం ఉంది. తన చేతుల మీద పెరిగిన పిల్ల పెళ్లిచీర తన చేత్తో పట్టి చూసి ఎంచాలి, తన చేత్తో ఆ పిల్ల చేతిలో పెట్టాలి. ఊరివాళ్ల పెళ్లిళ్లలో ఎలాగూ లేదు, సొంత ఇంట్లోనైనా ఆ మర్యాద దక్కుతుందనుకుంది. వదిన దగ్గర ఒక్కసారి కదిపింది. భారతీదేవి కాదనలేదు, అవుననలేదు. "మా అక్క వస్తానంది. పిల్లల తల్లి, చెయ్యి మంచిది. నువ్వు ఎప్పట్లాగే మొదటి బస్సుకు వెళ్లు సౌభాగ్యం," అన్నది. వెంకటరత్నం అక్కడే పేపరు చదువుతున్నాడు. పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు.

సౌభాగ్యమ్మ మొదటి బస్సుకే వెళ్లింది. అదే గోడ, అవే ఈగలు. తరువాతి బస్సులో భారతీదేవి, చందర్లపాడు నుంచి వచ్చిన ఆవిడ అక్క రత్తమ్మ, వాళ్లతో కస్తూరి దిగారు. పెళ్లికూతురు కొట్టుకు రావడం అప్పట్లో అలవాటు లేదు. కస్తూరి పట్టుబట్టి వచ్చింది. రత్తమ్మ దిగీ దిగగానే నోట్లోది రోడ్డు మీద ఉమ్మి, మూతి తుడుచుకుంది.

"ఏమ్మా వదినా, నువ్వూ పేటకేనా?"

"తువ్వాలు కోసం," అన్నది సౌభాగ్యమ్మ.

కస్తూరి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "పొద్దున చీకటితో ఇంట్లోంచి వెళ్లింది మన పెళ్లిచీరకి కాదా అత్తా?" అని అడిగింది. తల్లి దాని మోచెయ్యి నొక్కి జట్కా ఎక్కించింది.

బసవయ్య కొట్టులో ఆ రోజు ఉక్కగా ఉంది. రత్తమ్మ పరుపు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సౌభాగ్యమ్మ స్తంభం దగ్గర. చీరలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. విసనకర్ర ఊగుతూనే ఉంది. రత్తమ్మకు చీర చూడటం అంటే పుస్తకం తిప్పినట్టు. కొంగు మడతలు విడదీయడానికి ప్రతిసారీ వేలు నాలుక మీద పెట్టి తడుపుకునేది. ఆ నాలుక సున్నం, కాచు కలిసి ఎర్రగా పుండులా ఉంది. ఆ ఎర్ర తడి వేలే పట్టు మీదికి. సౌభాగ్యమ్మ పళ్లు బిగపట్టుకుని చూస్తోంది.

అప్పుడు బసవయ్య చిలకపచ్చ చీర ఒకటి విప్పాడు. మెరుపు తప్ప మరేమీ లేని చీర. విప్పిన చప్పుడులోనే సౌభాగ్యమ్మకు తెలిసిపోయింది, సగానికి సగం పట్టు కాదు. ఆవిడ విసురు ఇంకా జోరు చేసింది. రత్తమ్మ ముందుకు వంగి మడత విప్పబోతుంటే నోట్లో ఊట పెదవి దాటి కారి చీర మీద పడింది. ఆవిడ అటూ ఇటూ చూసి, ఎవరూ చూడలేదనుకుని, బొటనవేలితో దాన్ని తుడిచి, ఆ మడతను లోపలికి మడిచేసింది. పరుపు మీద ఉన్నవాళ్లకు కనిపించలేదు. కింద కూర్చున్న సౌభాగ్యమ్మకు కనిపించింది. కడుపులో దేవినట్టయి, విసనకర్ర ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది.

విసనకర్ర ఆగింది.

భారతీదేవి చూసింది, అక్కను గిల్లింది. రత్తమ్మ చీర కొస పట్టుకుని, "ఇది బాగుందర్రా," అన్నది. బసవయ్య కూడా విసనకర్ర వైపే చూస్తున్నాడు. ఇంత కాలంలో ఇలాంటి చీర దగ్గర ఆ విసనకర్ర ఆగడం అతనెప్పుడూ చూడలేదు. అయినా అమ్ముడుపోని చీర పోతుంటే వర్తకుడు ఎందుకు కాదంటాడు? పసుపు పళ్లెం తెమ్మని కేకేశాడు.

సౌభాగ్యమ్మ విసనకర్ర నోటి మీంచి దించింది. ఆ కొట్టులో ఆవిడ నోరు విప్పకూడదు. అది ఎవరూ చెప్పని కట్టుబాటు. విప్పకపోతే ఎంగిలి పడ్డ నకిలీ చీర కట్టుకుని కస్తూరి పీటల మీద కూర్చుంటుంది. తను పెంచిన పిల్ల. పళ్లెం వచ్చింది. బసవయ్య వేలితో పసుపు తీశాడు.

"బసవయ్యా, ఆ పసుపు పెట్టకు."

కొట్టంతా చూసింది. అరుగు మీద నాగూర్ బాషా మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపేశాడు.

"నువ్వూరుకో సౌభాగ్యం," అన్నది భారతీదేవి పళ్లు కొరుకుతూ.

"ఊరుకున్నంత కాలం ఊరుకున్నాలే వదినా. ఆ లోపలి మడత విప్పమను."

బసవయ్య విప్పాడు. చిలకపచ్చ మీద ఎర్రగా వేలిముద్ర, ఇంకా తడి ఆరలేదు. రత్తమ్మ మొహం ఆ మరకలాగే అయింది.

"నోటి తడి కాస్త అంటితే కొంప మునిగిపోయిందా? పైగా నాదే తప్పయినట్టు. విసనకర్ర ఆపింది నువ్వు కదా?" అనేసింది.

అన్నాక గానీ తను ఏమన్నదో ఆవిడకు తెలియలేదు. పదేళ్లుగా ఊరంతా కలిసి దాచిన మాట నడిబజారులో బయటపడింది. పక్కన వేరే బేరం చేస్తున్న ఆడవాళ్లు చేతిలో చీరలు వదిలేసి ఇటు తిరిగారు. అరుగు మీద నుంచి నాగూర్ బాషా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. భారతీదేవి కొంగు నోట్లో కుక్కుకుంది.

"వాంతి వచ్చి ఆపాను వదినా," అన్నది సౌభాగ్యమ్మ. "నీ ఎంగిలి చూసి."

కస్తూరి లేచింది. పరుపు మీద పడి ఉన్న చీరల్లో చేతికి అందినన్ని ఎత్తుకుని, స్తంభం దగ్గరికి వచ్చి మేనత్త ఒళ్లో పడేసి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నేను కట్టుకునే చీర అత్తా. నువ్వు పట్టుకుని చూడు."

"శుభమా అని పెళ్లి చేసుకుంటూ ఏం పనే అది?" అన్నది రత్తమ్మ.

"ఎంగిలి శుభమా పెద్దమ్మా?" అన్నది కస్తూరి, వెనక్కి తిరగకుండానే.

సౌభాగ్యమ్మ విసనకర్ర పక్కన పెట్టింది. చేతులు తువ్వాలుకు తుడుచుకుంది. వంక కోసం వదిన కొట్టులోకి రాగానే కొనిపెట్టిన తువ్వాలే అది. మొదటి చీర అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. నూలు కలిసింది. పక్కన పెట్టింది. రెండోది గంజి. మూడోది పట్టే, కానీ నేత పలచన. ఆవిడ తొందరపడలేదు. అందరినీ కూర్చోబెట్టింది. అడుగున ఉన్న వంగపండు రంగు ధర్మవరం చీర చేతికి తగలగానే కళ్లు మూసుకుంది. వేళ్ల మధ్య అది మెల్లగా కదిలింది, కోడిపిల్ల కదిలినట్టు. బెజవాడ ఇంట్లో, దీపం వెలిగించే వేళ, తన అరచేతిలో ఎవరో ముక్క పెట్టి చెప్పమంటున్నట్టు అనిపించింది. కళ్లు తెరిచి ఆ చీర కస్తూరి చేతిలో పెట్టింది.

బసవయ్య పళ్లెం పట్టుకుని ఎవరికి చూపాలో తెలియక అటూ ఇటూ తిరిగాడు. రత్తమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. కస్తూరే వేలితో పసుపు తీసి చీర కొసకు రాసింది. ఆ కంగారులో నాగూర్ బాషాకు రవికగుడ్డ ఇవ్వడం, ఆది ఇవ్వడం అందరూ మర్చిపోయారు.

కథ అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. మర్నాడు పొద్దున సౌభాగ్యమ్మ పెరట్లోకి వెళ్లేసరికి దండెం మీద వంగపండు రంగు చీర నీళ్లు కారుతూ వేలాడుతోంది. భారతీదేవి, రత్తమ్మ కలిసి ఆ చీరకు శుద్ధి చేశారు. పసుపునీళ్లలో ముంచి తీశారు. భర్త పోయిన చెయ్యి తగిలిన దోషం పోవాలి కదా. ఎంగిలి చెయ్యి తగిలిన చీరలు బసవయ్య కొట్టులో అలాగే ఉన్నాయి, వాటికి ఏ దోషమూ లేదు. కొంగు మీద, అంచు పొడవునా పసుపు చారలు పడి, పట్టు ముడతలు తేలి గోనెపట్టాలా అయింది.

సౌభాగ్యమ్మ చీర దగ్గరికి వెళ్లి అంచు పట్టుకుని చూసింది. అన్న వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు.

"అన్నయ్యా, నన్ను కడిగినా ఊరుకునేదాన్ని. పట్టును కడిగారు," అన్నది.

వెంకటరత్నం వేపపుల్ల ఉమ్మి, ఆడవాళ్ల గొడవలు తనకు తెలియవన్నాడు. ఊళ్లో పంచాయతీలు తీర్చే మనిషి అతను.

ఆ వారంలో మళ్లీ పేట వెళ్లాల్సి వచ్చింది, రవిక కుట్టించడానికి. ఈసారి కస్తూరి మేనత్తను తన బస్సులోనే, తన పక్కనే కూర్చోబెట్టుకుంది. వెంట వచ్చిన తల్లి ఎన్ని చెప్పినా వినలేదు. నాగూర్ బాషా చీర విప్పి చూసి నాలుక కొరుక్కున్నాడు.

"ఇదేం పాపమమ్మా. ఇది ఇక పోదు. మరకలున్న కొంగు మేరకు కత్తిరించి అదే రవికకు పెట్టేస్తా, కనపడకుండా లోపలికి కుడతా."

భారతీదేవి అదే మంచిదన్నది. కస్తూరి వద్దన్నది. రవికగుడ్డ వేరే కొనుక్కుంది. ఆ చారలతోనే చీర కట్టుకుని పీటల మీద కూర్చుంది. కొంగు మడవలేదు, మరక దాచలేదు. మగపెళ్లివారి ఆడవాళ్లు ఆ చారలేమిటని అడిగితే, "మా అత్త ఎంచిన చీర, మా అమ్మ కడిగింది," అని ఉన్నదున్నట్టు చెప్పింది. మూడోసారి చెప్పేసరికి భారతీదేవి వంటల దగ్గరికి వెళ్లిపోయి పెళ్లి అయ్యేదాకా మళ్లీ కనపడలేదు. మగపెళ్లివారికి కాళ్లు కడుక్కుని తుడుచుకోవడానికి ఆ రోజు తువ్వాళ్లకు కొరత రాలేదు. సౌభాగ్యమ్మ రేకుపెట్టె ఖాళీ చేసి అన్నీ వాకిట్లో పడేసింది. ఊరి పెళ్లిళ్లన్నీ కాళ్ల కింద తడిసి మట్టికొట్టుకుపోయాయి.

ఇంత జరిగినా ఊరికి సిగ్గు రాలేదు. ఏడాది తిరక్కుండా వెనక వీధి తిరుపతిరావు భార్య వచ్చింది, చెల్లెలి పెళ్లి కుదిరిందని. మాటల్లో తేనె కారుస్తూ, "రేపు మొదటి బస్సుకు..." అన్నది. సౌభాగ్యమ్మ లోపలికి వెళ్లి విసనకర్ర తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"చీరలు ఎంచేది ఇదే కదమ్మా. తీసుకెళ్లండి. దీనికి మొగుడు పోలేదు, మీ బస్సులోనే వస్తుంది."

ఆ మహాతల్లి నిజంగానే పట్టుకెళ్లింది. స్తంభానికి ఆనించి పెట్టుకుందట, ఉంటే మంచిదని. బసవయ్య దాంతో మెడ విసురుకుంటూ వాళ్లకు రెండు పనికిమాలిన చీరలు అంటగట్టాడు. విసనకర్రను తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆవిడ ముందుగదిలో కూర్చోలేదు, కూర్చోమని సౌభాగ్యమ్మా అనలేదు. పిడికి బసవయ్య చేతి ఎరుపు అంటి ఉంది. సౌభాగ్యమ్మ దాన్ని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి కట్టెల కింద దోపింది. కొత్తది కొనుక్కుంది.

తరువాతి ఏడు కస్తూరి అత్తవారింట్లో ఆడపడుచు పెళ్లి. కస్తూరి స్వయంగా వచ్చి మేనత్తను వెంటబెట్టుకుని, బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టింది. చిల్లకల్లు దగ్గర బస్సు ఆగింది. అదే గోడ, దానికి ఎదురుగా మళ్లీ ఎవరో నిలబడి ఉన్నారు. సౌభాగ్యమ్మ ఈసారి అటు చూడనే లేదు. జట్కా బజారులో ఆగింది. నాగూర్ బాషా మిషను వదిలి లేచి దారి ఇచ్చాడు. కస్తూరి అత్తగారు కాస్త ముళ్ల మీద ఉన్నట్టే ఉన్నా పరుపు మీద పక్కకు జరిగింది. సౌభాగ్యమ్మ వెళ్లి మధ్యలో కూర్చుంది.

బసవయ్య పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. ఎర్రటి పళ్లు. పెదవి కొస తుడుచుకుని, ఆ చేత్తోనే మంచి చీర ఒకటి తీసి ముందుకు చాపాడు. "ముందు మీరు పట్టుకుని చూడండమ్మా," అన్నాడు.

సౌభాగ్యమ్మ చెయ్యి చాపలేదు.

"చేతులు కడుక్కురా బసవయ్యా," అన్నది. "తరువాత చూద్దాం చీర."